స్టీల్ బాల్కనీ బిగించడం ఎలా: ముందు గోడ, తర్వాతే ఫ్రేమ్

స్టీల్ బాల్కనీ అనగానే అందరి దృష్టీ ఛానల్ (C ఆకారపు స్టీలు దూలం) సైజు మీదకే పోతుంది. నూరు మి.మీ.లా, నూట పాతికా, నూట యాభయ్యా అని. నిజానికి ఛానల్ కాస్త సన్నదైతే బాల్కనీ ఊగి ముందే చెబుతుంది. బోల్టు దగ్గర తప్పు జరిగితే మాత్రం ఏమీ చెప్పదు, ఒక్కసారిగా ఊడివస్తుంది. అందుకే ఈ పనిని గోడ దగ్గర మొదలుపెట్టి బయటికి ఆలోచించుకుంటూ రావాలి. చివరి లెక్కలు, డ్రాయింగులు స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతోనే ఉండాలి. అయితే ఆ డ్రాయింగులో ఏం చూడాలో, సైట్‌లో ఎక్కడ నిలబడి ఏం అడగాలో మీకు తెలిసి ఉంటే పని తీరే వేరుగా ఉంటుంది.

గోడ వెనక ఏముంది?

బాల్కనీ వచ్చేచోట ప్లాస్టరింగు కొట్టి తీయించండి. బోల్టు ప్లేటు (గోడకు ఆనించి బోల్టులతో బిగించే స్టీలు పలక) కూర్చునే ప్రతిచోటా, ప్లేటు కంటే నాలుగు వైపులా 50 మి.మీ. ఎక్కువగా. కింద కనిపించేది కాంక్రీటు బీమా, స్లాబ్ అంచా, ఇటుకా, తేలికపాటి బ్లాకా అన్నదాన్ని బట్టే మిగతా డిజైనంతా నడుస్తుంది.

పిల్లర్ల మధ్య నింపిన ఇటుక గోడ తన బరువు తాను మోసుకోవడానికే ఉంటుంది. దాని నుంచి బాల్కనీని వేలాడదీయకూడదు. బోల్టు ఎంత లావైనా, దాన్ని రంధ్రంలో అతికించే రసాయనం ఎంత ఖరీదైనా లాభం లేదు. తేలికపాటి బ్లాకు, బోలు ఇటుక అయితే మాట్లాడే పనే లేదు. అలాంటి ఇంటికి కింద స్తంభాలు నిలబెట్టి, బాల్కనీ బరువు నేలకే దిగేలా చేసి, గోడకు పక్కకి జరగకుండా పట్టు మాత్రం ఇవ్వాలి.

కాంక్రీటు బీమ్ కనిపించిందా, సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే సరే. డొల్ల మోత వస్తే లోపల ఖాళీలు ఉన్నట్టు, లేదా తుప్పు పట్టిన కడ్డీ పైపొరను లేపేసినట్టు. ఆ తర్వాత కడ్డీలను పసిగట్టే స్కానర్‌తో నిలువు కడ్డీలు, అడ్డకడ్డీలు ఎక్కడున్నాయో సుద్దతో గోడ మీదే గీయించండి. ఈ గీతలు గీశాకే ప్లేటులో రంధ్రాలు ఎక్కడ రావాలో తేల్చాలి. చాలామంది ప్లేటు ముందే చేయించి తెచ్చి, డ్రిల్లు కడ్డీకి తగలగానే రంధ్రాన్ని వంకరగా తిప్పేస్తారు. బీమ్ పైకడ్డీని కోసేసిన సందర్భాలూ ఉంటాయి. పట్టు కోసం చేసే రంధ్రం ఆ పట్టునిచ్చే కడ్డీనే తెంపితే ఇక ఏం మిగిలింది?

మట్టాలు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. గది నేల కంటే బాల్కనీ నేల కనీసం 50 మి.మీ. కిందికి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు గుమ్మం దాటతాయి. అందులోంచి డెక్కు (కాళ్ల కింది పలక) మందం, దాని కింది పట్టీల మందం తీసేస్తే ఛానల్ పై అంచు ఎక్కడొస్తుందో తెలుస్తుంది. అది బీమ్ మీద పడుతుందా, బీమ్ దాటి ఇటుకలోకి దిగిపోతుందా అన్నది ఫ్రేమ్ చేయించక ముందే చూసుకోవాల్సిన విషయం.

ఒక లెక్క కట్టి చూద్దాం

గోడ నుంచి 1.2 మీటర్లు బయటికి, 2.4 మీటర్లు వెడల్పు ఉన్న బాల్కనీ అనుకుందాం. రెండు చివర్లా ఒక్కో బ్రాకెట్ (గోడ ప్లేటు నుంచి బయటికి వచ్చే ఛానల్), కింద స్తంభాలు లేవు, పైన రాడ్లు లేవు. నివాస భవనాల బాల్కనీకి జనం బరువు ఎంత పట్టాలో భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. చాలాచోట్ల అది చదరపు మీటరుకు 2.5 నుంచి 4 కిలోన్యూటన్ల మధ్య ఉంటుంది. మనం 4 పట్టుకుందాం. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు. ఫ్రేమ్, 6 మి.మీ. చెకర్ ప్లేటు (జారకుండా గరుకు గీతలున్న స్టీలు పలక) కలిసి మరో 1. మొత్తం 5.

ఒక్కో బ్రాకెట్ వంతుకు 1.2 మీటర్ల వెడల్పు. గోడ దగ్గర వచ్చే మెలి (బరువును గోడ నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చే, బాల్కనీని కిందికి వంచే ప్రభావం) ఇలా:

జనం, ఫ్రేమ్ బరువు: 5 × 1.2 × 1.2 × 0.6 = 4.3 కిలోన్యూటన్ మీటర్లు.
రెయిలింగ్ బరువు, మీటరుకు 0.5 చొప్పున ముందు, పక్క కలిపి: 1.1.
రెయిలింగ్ మీద జనం ఆనుకుని నెట్టే బలం, మీటరుకు 0.75 చొప్పున, 1.1 మీటర్ల ఎత్తులో: 1.0.
మొత్తం 6.4.

దీన్ని 125 మి.మీ. ఛానల్ తేలిగ్గా మోస్తుంది. దాని మీద పడే ఒత్తిడి చదరపు మి.మీ.కు 100 న్యూటన్ల లోపే, మామూలు స్టీలు సాగడం మొదలయ్యేది 250 దగ్గర. కొస వంగేది 3 మి.మీ. దగ్గరే. ఇక్కడి దాకా అంతా హాయిగా ఉంది.

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. 350 మి.మీ. ఎత్తున్న ప్లేటును 450 మి.మీ. బీమ్‌కు బిగించారనుకోండి. పై బోల్టుల నుంచి, ప్లేటు కింది అంచు బీమ్‌ను నొక్కేచోటికి సుమారు 300 మి.మీ. అంటే పై బోల్టులను బయటికి లాగే బలం 6.4 ÷ 0.3 = 21 కిలోన్యూటన్లు. బోల్టులు రెండు కాబట్టి ఒక్కోదానికి 11, భద్రతా గుణకం 1.5 కలిపితే 16. ఇది ఒప్పుకోదగ్గ లెక్క.

అదే బాల్కనీని 150 మి.మీ. స్లాబ్ అంచుకు బిగిస్తే? బోల్టుల మధ్య దొరికేది మహా అయితే 80 మి.మీ. 6.4 ÷ 0.08 = 80 కిలోన్యూటన్లు, అంటే ఎనిమిది టన్నుల లాగుడు, రెండు బోల్టుల మీద. బాల్కనీ మారలేదు, జనం మారలేదు, ఛానల్ మారలేదు. గునపం పొడుగు అలాగే ఉంది, ఆనించిన రాయి మాత్రం మొనకు దగ్గరగా జరిగింది. స్లాబ్ అంచుకు నాలుగు బోల్టులు కొట్టి బాల్కనీ వేలాడదీయడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఈ ఒక్క భాగహారం చాలు.

ఇంకో సంగతి. బయటికి వచ్చే పొడవు 1.2 నుంచి 1.5 మీటర్లకు పెంచితే, జనం బరువుతో వచ్చే మెలి పాతిక శాతం కాదు, 56 శాతం పెరుగుతుంది. ‘ఇంకో అడుగు లాగుదాం’ అనే మాటకు అసలు ఖరీదు అది.

బీమ్ విషయంలో తరచూ మరిచిపోయేది మెలితిరుగుడు. బ్రాకెట్ బీమ్ ముఖానికి తగిలించినప్పుడు ఆ 6.4 మెలి అంతా బీమ్‌ను తువ్వాలు పిండినట్టు తిప్పుతుంది. బీమ్ వెనక స్లాబ్ ఉండి, దాని పైకడ్డీలు బీమ్‌లో గట్టిగా పాతుకుని ఉంటే ఆ మెలిని స్లాబ్ అందుకుంటుంది. వెనక మెట్లదారి ఖాళీయో, డబుల్ హైట్ హాలో ఉంటే అందుకునేవాళ్లు లేరు. అందుకే బ్రాకెట్లను వీలైనంత వరకు పిల్లర్ల దగ్గర, లేదా లోపలికి వెళ్లే అడ్డబీమ్‌కు సూటిగా పెట్టండి. ఇందుకోసం బాల్కనీ వెడల్పు కాస్త మారినా మారనివ్వండి.

గాలిలోనా, రాడ్ సాయంతోనా, స్తంభాల మీదా?

పాత ఇంటికి కొత్తగా తగిలిస్తున్నప్పుడు గాలిలో వేలాడే బాల్కనీ చివరి ఎంపికగానే ఉండాలి. పైన చెప్పిన బాల్కనీకే బయటి అంచు నుంచి పై గోడకు 45 డిగ్రీల్లో ఒక్కో రాడ్ వేస్తే, కొసన మోయాల్సింది ఒక్కో వైపు సుమారు 5 కిలోన్యూటన్లు. రాడ్‌లో లాగుడు 7 నుంచి 8. గోడను బయటికి లాగేది మళ్లీ 5 దగ్గరే. ఇందాక 21 ఉన్నది 5కు దిగింది! ఒక్క రాడ్‌తో ఇంత తేడా.

రాడ్‌ను మరీ వాలుగా వేయకండి. 30 డిగ్రీలకు దిగితే రాడ్ మీద లాగుడు కొసన ఉన్న బరువుకు రెట్టింపు అవుతుంది. రాడ్ పైచివర బిగించేది కూడా కాంక్రీటుకే, ఇటుకకు కాదు. గాలి కింది నుంచి ఎత్తి కొట్టే ఎత్తయిన భవనాల్లో రాడ్ బదులు పైపు వాడాలి. రాడ్ లాగుడు ఓర్చుకుంటుంది కానీ నొక్కుడు ఓర్చుకోలేదు.

రాడ్ జాయింటును సైట్‌లో మార్చడం ఎంత ప్రమాదమో 1981 జులై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో తెలిసింది. హయత్ రీజెన్సీ హోటల్లో రెండు నడవలు ఒకదాని కింద ఒకటి ఒకే రాడ్‌కు వేలాడాలన్నది మొదటి డిజైన్. తయారీ సులువని దాన్ని రెండు ముక్కల రాడ్లుగా మార్చారు. దాంతో పై నడవ కింద ఉన్న నట్టు మీద రెండు నడవల బరువూ పడింది. 114 మంది చనిపోయారు. డ్రాయింగులో చిన్న మార్పే. ఫాబ్రికేటర్ ‘ఇలా చేస్తే ఈజీ సార్’ అన్న ప్రతిసారీ ఆ మాట ఇంజినీరు దాకా వెళ్లాలి.

స్తంభాలు వేస్తే గోడకు దాదాపు బాధే ఉండదు, కానీ నేల సంగతి చూసుకోవాలి. ఇల్లు ఎప్పుడో కుంగాల్సినంత కుంగి స్థిరపడి ఉంటుంది. కొత్త పునాది ఇప్పుడు కుంగడం మొదలుపెడుతుంది. ఇంటి గోడ పక్కన మట్టి చాలాసార్లు పునాది తవ్వి పూడ్చిన భర్తీ మట్టే. దాన్ని దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వండి. గోడ వైపు జాయింటులో నిలువుగా పొడుగు రంధ్రాలు పెడితే ఆ వైపూ స్తంభాలు ఉండే రకం బాల్కనీకి కొంచెం కుంగుడు ఇబ్బంది పెట్టదు. స్తంభం బేస్ ప్లేటు నేలకు 50 మి.మీ. పైన, గ్రౌట్ (సందుల్లో పోసే సిమెంటు ముద్ద) దిమ్మె మీద ఉండాలి. మట్టిలో పాతిన స్టీలు నేల మట్టం దగ్గరే తినేసుకుపోతుంది.

ఫ్రేమ్ తయారీ

రెండు బ్రాకెట్లు, ముందూ వెనకా ఒక్కో ఛానల్, మధ్యలో 400 నుంచి 600 మి.మీ. దూరంలో అడ్డపట్టీలు. ఇదే ఫ్రేమ్. గోడ ప్లేటు 16 మి.మీ. మందం. ఛానల్ కింద నుంచి ప్లేటు అడుగు దాకా 8 మి.మీ. త్రికోణపు గస్సెట్. ఆ గస్సెట్ లేకపోతే ప్లేటు కింది భాగం ఉన్నా లేనట్టే, మనం లెక్కలో పట్టుకున్న 300 మి.మీ. దొరకదు.

వెల్డింగ్ చూసేటప్పుడు ముందు ఛానల్ పై అంచు చూడండి. గాలిలో వేలాడే బ్రాకెట్‌లో లాగుడంతా పై అంచు దగ్గరే. వెల్డర్‌కు చేయి తేలిగ్గా అందేది మాత్రం పక్కలు. కాబట్టి పక్కల నిండుగా, పైన రెండు చుక్కలుగా వెల్డు కనిపించడం మామూలే. చుట్టూరా 6 మి.మీ. ఫిల్లెట్ (మూలలో పడే వెల్డు గీత), పై అంచున తెగకుండా ఒకే గీతగా ఉండాలి. స్లాగ్ (వెల్డు మీద గట్టిపడే పెంకు) కొట్టించి, బ్రష్ చేయించి, ఆ తర్వాతే చూడండి. పెయింటు వేశాక చూసి లాభం లేదు. అనుమానం ఉంటే రంగు ద్రవంతో చేసే పెనెట్రెంట్ టెస్ట్ చేయిస్తే వెంట్రుక మందం పగులు కూడా ఎర్రగా బయటపడుతుంది.

రెయిలింగ్ పోస్టు (రెయిలింగ్‌ను మోసే లావుపాటి నిలువు కడ్డీ) వచ్చే ప్రతిచోటా వెనక అడ్డపట్టీ ఉండాలి. 1.2 మీటర్లకు ఒక పోస్టు పెడితే దాని మొదట్లో పడే మెలి 1 కిలోన్యూటన్ మీటరు. ముందున్న సి-ఛానల్ ఒంటరిగా దాన్ని ఓర్చుకోలేక మెలితిరుగుతుంది. రెయిలింగ్ ఎత్తు 1.1 మీటర్లు, పోస్టుల మధ్య వచ్చే సన్న కడ్డీల సందు 100 మి.మీ. లోపు. అడ్డకడ్డీల డిజైను చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకు నిచ్చెనలాగా కూడా ఉంటుంది. నిలువు కడ్డీలే వేయించండి.

గాల్వనైజింగ్‌కు (కరిగిన జింకులో ముంచి పూత వేయడానికి) పంపాలంటే రంధ్రాలు చేయడం, వెల్డింగ్ చేయడం అంతా ముందే అయిపోవాలి. మూసుకుపోయిన పైపు ఏదైనా ఉంటే ఎదురెదురు మూలల్లో గాలి రంధ్రాలు తప్పనిసరి. సుమారు 450 డిగ్రీల జింకు తొట్టిలో మూసిన పైపు ముంచితే లోపలి తేమ ఆవిరై పైపు పేలుతుంది. 6 మి.మీ. దాటిన మందానికి సగటున 85 మైక్రాన్ల పూత రావాలి. సైట్‌లో మళ్లీ వెల్డింగ్ చేస్తే ఆ మేర పూత కాలిపోతుంది. కాబట్టి ముక్కలను తొట్టిలో పట్టే సైజులో చేయించి, సైట్‌లో బోల్టులతో కలపండి.

రంధ్రం, రసాయనం, బోల్టు

వీలైతే బీమ్‌కు ఆరపార రంధ్రం వేసి, లోపలి వైపు 12 మి.మీ. ప్లేటు పెట్టి బోల్టు బిగించడం అన్నింటికంటే మేలు. అలా కుదరనప్పుడే కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో రసాయనం నింపి అతికించే బోల్టు.

16 మి.మీ. బోల్టుకు సాధారణంగా 18 మి.మీ. రంధ్రం, 125 మి.మీ. లోతు. ఖచ్చితమైన కొలతలు, బిగింపు టార్క్ (నట్టును ఎంత బలంతో తిప్పాలన్నది) ఆ రసాయనం కంపెనీ ఇచ్చే షీట్‌లో ఉంటాయి. పని జరిగేటప్పుడు ఆ షీట్ మేస్త్రి చేతిలో ఉండాలి. లోతును కొలిచేది కాంక్రీటు ముఖం నుంచి, ప్లాస్టరింగు మీద నుంచి కాదు. 25 మి.మీ. ప్లాస్టరింగును కలిపి కొలిస్తే అయిదో వంతు పట్టు పోయినట్టే.

బోల్టును గట్టిగా లాగితే కాంక్రీటు గరాటు ఆకారంలో ఊడుతుంది. ఆ గరాటు పూర్తిగా ఏర్పడాలంటే బోల్టు నుంచి అంచుకు లోతుకు ఒకటిన్నర రెట్లు, బోల్టుకూ బోల్టుకూ మధ్య మూడు రెట్లు దూరం కావాలి. 125 లోతుకు అంచు దూరం సుమారు 190. దానికంటే దగ్గరైతే బలం తగ్గించి లెక్క కట్టాలి. స్లాబ్ అంచు ఇక్కడా ఓడిపోతుంది, దాని సగం మందం 75 మాత్రమే.

ఇక దుమ్ము. కెమికల్ యాంకర్లు ఊడిపోవడానికి అన్నింటికంటే మామూలు కారణం రంధ్రంలో మిగిలిన కాంక్రీటు పొడి. రసాయనం గోడకు బదులు పొడికి అంటుకుంటుంది. ఊదడం, తీగ బ్రష్‌తో రుద్దడం, మళ్లీ ఊదడం, మళ్లీ రుద్దడం, మళ్లీ ఊదడం. నోటితో ఊదితే సరిపోదు, తడి అవుతుంది కూడా. పంపు పెట్టి ఊదాలి. బ్రష్ రంధ్రంలోకి వదులుగా దూరిపోతుంటే అది అరిగిపోయిందన్నమాట, మార్చండి. డైమండ్ కోర్‌తో తీసిన రంధ్రం గాజులా నున్నగా ఉంటుంది. ఆ రంధ్రానికి పనికొస్తుందని షీట్‌లో రాసి ఉంటేనే వాడాలి.

గన్‌లోంచి మొదట వచ్చే రసాయనం రంగు చారలు చారలుగా ఉంటుంది. రెండు పాళ్లూ కలవలేదని అర్థం. రంగు ఒకేలా వచ్చేదాకా బయట పారేయండి. నాజిల్‌ను రంధ్రం అడుగు దాకా దూర్చి, నింపుకుంటూ వెనక్కి లాగాలి. మూడింట రెండు వంతులు నిండాక బోల్టును మెలితిప్పుతూ తోస్తే అంచున కొంచెం రసాయనం పొంగి రావాలి. పొంగలేదంటే లోపల గాలి బుడగ ఉంది. గట్టిపడే సమయం వేడిని బట్టి మారుతుంది. కొన్ని రకాలకు గంటలోపే, ఎపాక్సీ రకాలకు చాలా గంటలు. ఆలోగా బోల్టును కదిలించకూడదు, ‘గట్టిపడిందా’ అని తట్టి చూడకూడదు.

అన్నీ గట్టిపడ్డాక కొన్ని బోల్టులను జాక్‌తో లాగి పరీక్షించండి. ఎంత బలంతో, ఎన్నింటిని అన్నది ఇంజినీరు రాసివ్వాలి. ఒక్కటి కదిలినా మిగతా అన్నింటినీ లాగి చూడాల్సిందే.

ఎత్తి నిలబెట్టడం

పైన చెప్పిన సైజు ఫ్రేమ్ రెయిలింగ్, డెక్కు లేకుండానే 150 కిలోలు దాటుతుంది. నలుగురు నిచ్చెనలెక్కి పట్టుకునే పని కాదు. కింద సెంట్రింగ్ జాకీలు నిలబెట్టి, ఫ్రేమ్‌ను వాటి మీద కూర్చోబెట్టి, బోల్టులను చేతి బిగువుతో పెట్టండి. రసమట్టం పెట్టి అడ్డంగా మట్టం చూడండి. గోడ నుంచి బయటికి వెళ్లే వైపు మాత్రం వాటం కావాలి, 80కి 1 చొప్పున 1.2 మీటర్లకు 15 మి.మీ. బరువు పడ్డాక కొస కొంత దిగుతుందని, వాటం దానంతట అదే వస్తుందని వదిలేయకండి.

ప్లేటుకూ కాంక్రీటుకూ మధ్య మిగిలిన సందును కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి. రేకు ముక్కలు దోపి వదిలేస్తే ప్లేటు ఆ ముక్కల మీదే నిలబడుతుంది, బోల్టు సందులో వంగుతుంది. గ్రౌట్ గట్టిపడ్డాకే టార్క్ రెంచ్‌తో ఆఖరి బిగింపు. బిగించిన ప్రతి నట్టు మీదా, ప్లేటు మీదా కలిసేలా పెయింటు గీత గీయండి. ఆ నట్టు ఎప్పుడు వదులైనా గీత విరిగి కనిపిస్తుంది.

పొడుగాటి బాల్కనీ అయితే ఎండకు స్టీలు సాగడం కూడా లెక్కలోకి రావాలి. 10 మీటర్లకు 40 డిగ్రీల తేడాతో దాదాపు 5 మి.మీ. ఒక చివర పొడుగు రంధ్రాలు పెట్టండి. చలి దేశాల్లో అయితే ప్లేటు వెనక చలిని ఆపే ప్యాడ్ పెడతారు. లేకపోతే స్టీలు గుండా చలి లోపలికి పాకి గది గోడకు చెమ్మ పడుతుంది. ఆ ప్యాడ్ మెత్తనిది కాకూడదు, నొక్కుడు తట్టుకునే రకమే కావాలి.

నీళ్లు, కుండీలు, ఇంకా కొన్ని

ప్లేటు చుట్టూ సీలెంట్ పైన, రెండు పక్కలా వేయండి. అడుగు వైపు మాత్రం తెరిచి ఉంచండి. నాలుగు వైపులా మూసేస్తే ఎక్కడినుంచో దూరిన నీళ్లు బయటికి వచ్చే దారి లేక ప్లేటు వెనకే నిలిచి బోల్టులను తింటాయి. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఐదో అంతస్తు బాల్కనీ కూలి ఆరుగురు చనిపోయారు. అది చెక్క బాల్కనీ, గోడలోంచి బయటికి వచ్చే దూలాలు తడికి కుళ్లిపోయాయి. స్టీలైనా చెక్కయినా నీళ్లు వెతుక్కునేది గోడ జాయింటునే.

డెక్కు మార్చాలనుకుంటే మళ్లీ లెక్క కట్టాల్సిందే. చెకర్ ప్లేటు బదులు 50 మి.మీ. కాంక్రీటు పోస్తే చదరపు మీటరుకు 1.2 కిలోన్యూటన్లు, పైన టైల్స్ వేరే. పూలతొట్టి మరీ మోసం చేస్తుంది. 300 మి.మీ. లోతు తడిమట్టి చదరపు మీటరుకు 5.4 కిలోన్యూటన్ల దాకా ఉంటుంది, మనం జనానికి పట్టుకున్న 4 కంటే ఎక్కువ. అదీ అందరూ పెట్టేది రెయిలింగ్ పక్కన, అంటే సరిగ్గా కొసన. తొట్టెలు కావాలంటే డిజైన్‌కు ముందే చెప్పండి, లేదా గోడ వైపుకు జరపండి.

అప్పగించే ముందు బరువు పరీక్ష చేయాలంటే ఇసుక బస్తాలు చాలు. కింద జాకీలను 20 మి.మీ. సందు వదిలి నిలబెట్టండి, ఏమైనా అయితే బాల్కనీ వాటి మీద ఆగుతుంది. బస్తాలను సమంగా, దశలవారీగా పేర్చుకుంటూ ఇంజినీరు చెప్పిన బరువు దాకా వెళ్లండి. ప్రతి దశలో కొస ఎంత దిగిందో డయల్ గేజ్‌తో రాసుకోండి. ఒక రోజు ఉంచి, దింపేశాక కొస వెనక్కి వచ్చిందా చూడండి. లెక్క ప్రకారం 3 మి.మీ. దిగాల్సింది 8 దిగితే ఛానల్‌ను అనుమానించకండి. ప్లేటు పై అంచుకూ కాంక్రీటుకూ మధ్య పలచటి రేకు దూరుతుందేమో చూడండి. దూరిందంటే పై బోల్టు జారుతోంది. బస్తాలు వెంటనే దింపించి, జాకీలను ఫ్రేమ్‌కు ఆనించి బిగించి, ఆ బోల్టు సంగతి తేలేదాకా తలుపుకు తాళం వేయండి.